నాలుగో అచ్చు

మా ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది. ఆమె గొంతు మాత్రం విశ్వవిద్యాలయం వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంది. లైసెన్సుకీ పెట్టుబడికీ పెట్టిన వైద్య ఆవిష్కరణల జాబితాలో, గుండె చప్పుడు వినే పట్టీకి కింద, ఎముకలు అతికించే జిగురుకు పైన. నొక్కితే ఒకటి నుంచి పది వరకు లెక్కపెడుతుంది.

నేను అదే విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో లేత్ మేస్త్రీని. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. పదో తరగతి వరకు పల్లెటూరి బడిలో చదివాను. అక్కడ మాస్టారు నేర్పింది ఒకటే: చేసిన పని తుడిచి చూపించు. మిగతాది ఇనుము నేర్పింది. డాక్టర్లూ ప్రొఫెసర్లూ కాగితం మీద బొమ్మ గీసి తెస్తారు. నేను దాన్ని లోహంలో చేసిస్తాను. అది పనిచేస్తే వాళ్ళ తెలివి. చేయకపోతే నా లేత్ పాతది.

మా ఆవిడకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద, చొక్కా మొదటి గుండీ వచ్చేచోట, ఒక రంధ్రం చేసి చిన్న గొట్టం పెట్టారు. ఊపిరి అక్కడినుంచే. ముక్కు అలంకారానికి మిగిలింది. మాట పోయింది.

పోయింది మాటకారి మాట. ఆమె సంచీ పట్టుకుని వీధిలోకి వస్తోందంటే కూరల బండివాడు ముందే ధర తగ్గించేవాడు, నోరు తెరవనివ్వకుండా. ఆపరేషన్ తరువాత చేతులు చరవడం నేర్చుకుంది. ఒక చరుపు అంటే రమ్మని. రెండు అంటే నీళ్ళు. మూడు అంటే నేను చేసింది తప్పని. మా ఇంట్లో మూడు చరుపులే ఎక్కువ వినిపించేవి.

ఆ రోజుల్లోనే బయోమెడికల్ ప్రొఫెసర్ ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. చొక్కా గుండీ అంత వాల్వు. సిలికాన్‌తో పోత పోయాలి. ఊపిరి గొట్టానికీ అన్నం దిగే గొట్టానికీ మధ్య గోడలో చిన్న కన్నం చేసి అందులో కూర్చోబెడతారు. మనిషి మెడ రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఊపిరి వదిలితే, గాలి ఆ వాల్వు తోసుకుని నోటిలోకి వెళ్ళి మాట అవుతుంది. నీళ్ళు తాగినప్పుడు వాల్వు మూసుకుని ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి చుక్క పోదు. అంతటికీ ఒక పల్చటి సిలికాన్ రేకే ఆధారం. తెరుచుకోవాలి, మూసుకోవాలి.

"ఇలాంటివి బజారులో ఉన్నాయి కదా సార్?" అన్నాను.

"ఉన్నాయి మేస్త్రీ. మూడు నెలలకోసారి మార్చాలి. మనది ఏడాది నిలవాలి. నిలిస్తే కంపెనీలు లైసెన్సు కోసం మన గుమ్మం ముందు నిలబడతాయి," అన్నాడు.

"మా ఆవిడకి పెడతారా?"

"ముందు అచ్చు చెయ్యి," అన్నాడు.

చేశాను. అచ్చంటే రెండు ఉక్కు ముక్కలు. మధ్యలో సిలికాన్ పోస్తే వాల్వు ఊడివస్తుంది. బొమ్మ మీద ఎర్ర సిరాతో రాసి ఉంది: లోపలి ముఖం అద్దంలా పాలిష్ చేయాలి. చేశాను. అందులో నా కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. వాల్వులు వచ్చాయి. రేకు అంటుకుపోయింది. గాలి కొడితే తెరుచుకోదు. రెండో అచ్చు, మూడో అచ్చు, అదే తంతు. ప్రొఫెసర్ నా లేత్ పాతదన్నాడు.

నాలుగో అచ్చుకు రేకు మడత కోణం మార్చాడు. పన్నెండు డిగ్రీలున్నది పదిహేను చేశాడు. నేను లేత్ మీద ఉక్కు తిప్పడం పూర్తి చేశాను. ఇక పాలిష్ మిగిలింది. మూడు రకాల పేస్టు, మెత్తటి తోలు, రెండు గంటల పని. పేస్టు డబ్బా మూత తీశాను. అప్పుడు పక్కింటామె ఫోన్ చేసింది. మా ఆవిడ మెడ గొట్టంలో కఫం అడ్డుపడింది, మొహం నల్లబడుతోంది, రమ్మంది. అచ్చును బల్ల మీద వదిలేసి పరుగెత్తాను.

ఆమె బతికింది. మర్నాడు మధ్యాహ్నం తిరిగివచ్చి చూస్తే బల్ల మీద అచ్చు లేదు. ల్యాబ్ వాళ్ళు పొద్దున్నే తీసుకెళ్ళి పోత కూడా పోసేశారు. పాలిష్ లేని అచ్చు. లేత్ ఉలి గీసిన గీతలు అలాగే ఉన్న అచ్చు.

గీతలు కనిపించే పని బయటకు పోవడమంటే మా వర్క్‌షాపులో బట్టల్లేకుండా బజారున పడ్డట్టే. ముప్పై ఏళ్ళలో నా చేతి నుంచి అలాంటిది ఒక్కటి పోలేదు. ఎవరికీ చెప్పలేదు. వాల్వులు పాడైపోతాయి, అప్పుడు మెల్లగా అచ్చు తెప్పించుకుని పాలిష్ చేస్తే సరిపోతుంది అనుకున్నాను.

వాల్వులు పనిచేశాయి. అన్నీ పనిచేశాయి.

ప్రొఫెసర్ వర్క్‌షాపులోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "కోణం మేస్త్రీ, కోణం. పదిహేను డిగ్రీలు. నేను చెప్పలా?"

అతను వెళ్ళాక ఒక వాల్వు తీసుకుని భూతద్దం కింద పెట్టాను. రేకు మీద సన్నటి వలయాలు. ఒకదాని పక్కన ఒకటి, వెంట్రుకలో పదో వంతు. ఉలి గీతలన్నీ సిలికాన్‌లోకి దిగాయి. నున్నటి సిలికాన్ నున్నటి సిలికాన్‌ను పట్టుకుంటుంది, తడి గాజు పలకలు రెండు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు. గీతలుంటే పట్టు దొరకదు. నీళ్ళు దూరేంత లోతు లేదు, అంటుకునేంత నునుపూ లేదు. కోణానికీ దీనికీ సంబంధం లేదు. ఒక మేస్త్రీ పని మధ్యలో ఇంటికి పరుగెత్తాడు, అంతే.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. సిగ్గేసింది. పని పూర్తి చేయకుండా పంపానని నా నోటితో నేనే ఎలా చెప్పుకుంటాను?

ప్రయోగానికి ఐదుగురు రోగులను తీసుకున్నారు. మా ఆవిడ ఒకతె. ఆమె పక్క కుర్చీలో సిటీ బస్సు కండక్టర్ ఒకడు ఉండేవాడు. అతనికీ గొంతు తీసేశారు. ఆస్పత్రి వరండాలో పలకా బలపం పట్టుకుని కూర్చునేవాడు. మొదటిరోజే మా ఆవిడకు "అక్కా" అని రాసి చూపించాడు. నాకు "బావా" అని రాశాడు. మా ఆవిడ నవ్వితే మెడలోంచి గాలి బుస్సుమంది.

వాల్వు పెట్టిన రోజున డాక్టరు ఆమె బొటనవేలు తీసుకుని మెడ రంధ్రం మీద ఆనించాడు.

"ఏదైనా మాట్లాడమ్మా."

ఏడు నెలల తరువాత మొదటి మాట. గరగరగా, మగ గొంతులా వచ్చింది.

"ఏమయ్యా, ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్ళయింది?"

డాక్టరు నవ్వాడు. నర్సు నవ్వింది. కండక్టర్ తన వంతు వచ్చాక వేలు పెట్టుకుని "రైట్ రైట్" అన్నాడు. తరువాత ఆపలేకపోయారు. ఇద్దరూ వరండాలో కూర్చుని ఎవరి మెడ వాళ్ళు పట్టుకుని పోట్లాడుకున్నారు, చిల్లర గురించి. అతను ఎప్పుడో బస్సులో ఆమెకు చిల్లర ఇవ్వలేదట. అతనే కాకపోవచ్చు. ఆమెకు ఎవరో ఒక కండక్టర్ దొరికితే చాలు.

"బావా, ఈమెకి నోరు తిరిగి తెప్పించింది నువ్వేనటగా," అన్నాడు కండక్టర్. "నీకు బుద్ధి లేదు."

"లేదు, తమ్ముడూ," అంది మా ఆవిడ. "ఉంటే నన్ను చేసుకునేవాడా?"

పదకొండు నెలలు మాట్లాడింది. పొద్దున్న లేస్తే నన్ను తిట్టేది, నిద్రపోయే ముందు మిగిలినవి తిట్టేది. ఇల్లు మళ్ళీ ఇల్లయింది. ఇంతకంటే చెప్పను.

విశ్వవిద్యాలయంలో లైసెన్సుల ఆఫీసు అని ఒకటి ఉంది. ల్యాబుల్లో పుట్టినవాటికి పేటెంట్లు రాయించి కంపెనీలకు చూపించడం వాళ్ళ పని. అక్కడి అధికారిని అందరూ మేడమ్ అనే అంటారు. ఆమె మా ఆవిడను కెమెరా ముందు కూర్చోబెట్టింది. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టమంది. మా ఆవిడ లెక్కపెట్టింది. తరువాత వేలు తీయలేదు.

"చాలా? ఇంకా మాట్లాడమంటే మాట్లాడతాను. మా ఆయన ముప్పై ఏళ్ళుగా వింటున్నాడు, ఒక్క మాటా చెవికెక్కలేదు."

అది కూడా ఉంచేశారు. కంపెనీలకు నచ్చుతుందన్నారు.

పేటెంటు కాగితం బోర్డు మీద అంటించారు. మూడు పేర్లు. ప్రొఫెసరు, అతని కింద ల్యాబ్ చూసే అమ్మాయి, డిపార్టుమెంటు పెద్ద. ఆ పెద్దమనిషి వాల్వును చూసింది ఫోటోలో. నేను మేడమ్ గదికి వెళ్ళాను.

"నా పేరు లేదు మేడమ్."

"కృతజ్ఞతల్లో ఉంది మేస్త్రీ గారూ. ప్రొఫెసర్ గారి వ్యాసం చివర. వర్క్‌షాపు సిబ్బందికి అని."

"వర్క్‌షాపు సిబ్బంది నా పేరు కాదు."

ఆమె కుర్చీ చూపించింది. కూర్చోలేదు. ఓపిగ్గానే చెప్పింది. "చూడండి, గీసిచ్చిన బొమ్మ ప్రకారం చేసినవాళ్ళు కనిపెట్టినవాళ్ళు కారు. ఇది నేను పెట్టిన రూలు కాదు. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చేశారు. చాలా బాగా చేశారు."

"బొమ్మలో లేనిది చేస్తే?"

"అప్పుడది పొరపాటు అవుతుంది," అంది.

గీతల మాట మింగేసి బయటకు వచ్చేశాను.

మూడు వారాలకు ఒక కంపెనీ లైసెన్సు తీసుకుంది. ఆ వాల్వు చేసే హక్కు ఇక వాళ్ళొక్కరిదే. నా నాలుగు అచ్చులూ, మిగిలిన సిలికాన్ డబ్బాలూ పెట్టెల్లో సర్ది పట్టుకుపోయారు. ప్రయోగం ముగిసిందన్నారు. రోగులకు కొత్త వాల్వులు ఇకనుంచి కంపెనీ నుంచి వస్తాయన్నారు.

నెల తరువాత మేడమ్ ఫోన్ చేసింది. గొంతులో కాస్త నవ్వుంది.

"మేస్త్రీ గారూ, మీ నాలుగో అచ్చు మీద గీతలున్నాయట. వాళ్ళ టూల్‌రూమ్ ఆయన రాశాడు, చదువుతాను వినండి. 'ఇంత మొరటు పని మా దగ్గర కొత్తగా చేరినవాడు కూడా చేయడు. అద్దంలా బాగుచేశాం. మిగతా ఇరవై అచ్చులు కూడా అలాగే చేయిస్తున్నాం.' మీరు నొచ్చుకోకండి, ఊరికే చెబుతున్నా."

అతన్ని నేను తప్పు పట్టలేదు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. గీత కనిపిస్తే మంచి పనివాడి చెయ్యి ఊరుకోదు. దాన్ని చెరిపేదాకా అన్నం సహించదు.

"మంచి పని చేశారని చెప్పండి," అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. వస్తారు. వాల్వులు అంటుకుపోతాయి, అప్పుడు నా దగ్గరికి వస్తారు. పేరు రాసుకుని మరీ వస్తారు. ఆ రోజు సాయంత్రం మా ఆవిడకు మొత్తం చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె టీ కప్పు కింద పెట్టింది. దగ్గింది. వాల్వు అంచున కారడం అప్పుడే మొదలైంది. తాగిన ప్రతి గుక్కలో ఒక చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

"నా తరువాతి వాల్వు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"కంపెనీ నుంచి."

"అది అంటుకుపోతుంది."

"పోతుంది. అప్పుడు వాళ్ళే నా దగ్గరికి వస్తారు."

"అప్పటిదాకా నేను?"

నేను ఆమె కప్పు తీసి కడగడానికి లేచాను.

"నువ్వే ఒకటి చేసి తెచ్చి పెట్టించు," అంది.

"డాక్టరు పెట్టడు. కంపెనీ ముద్ర లేనిది లోపల పెడితే ఆయన ఉద్యోగం పోతుంది. బజారువి నీ కన్నానికి సరిపోవు, ఈ ప్రయోగానికి పెట్టిన కొలత వేరు."

"అయితే వెళ్ళి చెప్పు. రేపే వెళ్ళు."

"పేరు పెడితే చెప్తాను."

ఆమె వేలు మెడ మీదే ఉంది. ఇంకా గట్టిగా నొక్కింది. తరువాత అంది. "నీ పేరు చెక్కించుకోవడానికి నా గొంతే దొరికిందా?"

"ముప్పై ఏళ్ళు చేశానే."

"నేనూ చేశాను, ముప్పై ఏళ్ళు. నా పేరెక్కడ రాశావు?"

కంపెనీ వాల్వులు వచ్చాయి. నీలిరంగు పెట్టెలో, ఒక్కొక్కటీ విడిగా, ముద్రతో. డాక్టరు పాతది తీసి కొత్తది పెట్టాడు. ఆమె వేలు ఆనించి తోసింది. మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి. శబ్దం రాలేదు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టాడు. మూడోసారి ఆమె డాక్టరు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

కారే పాతదే మళ్ళీ పెట్టారు. ఇరవై రోజులు దానితో నెట్టుకొచ్చింది. జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఇక లాభం లేదని వాల్వు తీసేసి బిరడా పెట్టారు. గాలి రాదు, నీరు పోదు. మాటా లేదు. అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు.

ఇంటికి తెచ్చాక కాగితం మీద ఒకే మాట రాసింది. "వెళ్ళు."

వెళ్ళాను. నిజంగా చెప్పడానికే వెళ్ళాను. పేరూ వద్దు, ఊరూ వద్దు, అచ్చు మీద గీతలు వదలండి అని చెప్పి వచ్చేద్దామనుకున్నాను.

ఆ రోజు పెద్ద హాలులో పెట్టుబడిదార్ల సభ పెట్టారు. ఏడాదికోసారి పెడతారు. పొడుగు బల్లలు, వాటి మీద ఆవిష్కరణలు, పక్కన నిలబడి ఇకిలించే ల్యాబుల వాళ్ళు. సూట్లు వేసుకున్నవాళ్ళు మెడల్లో పేరు బిళ్ళలు వేలాడేసుకుని బల్ల బల్లకీ తిరుగుతున్నారు, సంతలో ఎద్దుల పళ్ళు చూసినట్టు. మేడమ్ కోసం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాను.

మా ఆవిడ గొంతు వినిపించింది.

గోడ మీద పెద్ద తెర. ఒకటి, రెండు, మూడు. మెడ మీద బొటనవేలు, మొహం నిండా పొగరు. తెర ముందు మైకు పట్టుకుని ప్రొఫెసరు. పది అయ్యాక ఆమె నా మీద వేసిన మాటకు హాలంతా నవ్వింది. అతను నవ్వు తగ్గేదాకా ఆగి అన్నాడు. "పదకొండు నెలలు, ఒకే వాల్వు. రహస్యమంతా పదిహేను డిగ్రీల్లో ఉంది." చప్పట్లు కొట్టారు. వాల్వు కంపెనీ చేతిలో ఉంది, ఇప్పుడతను ఇంకోదానికి పెట్టుబడి అడుగుతున్నాడు. అప్పు తెచ్చుకున్న నగలా ఆమెను చూపిస్తున్నాడు.

మేడమ్ నన్ను చూసింది. చెయ్యి ఊపుతూ వచ్చింది. ఆమె మొహంలో ఊరట చూసి, ఈమె నా కోసమే చూస్తోందనుకున్నాను.

"సమయానికి వచ్చారు మేస్త్రీ గారూ. ఆ ప్రొజెక్టర్ స్టాండు ఊగుతోంది. కాస్త చూస్తారా? మళ్ళీ ఇప్పుడే ఇంకో బృందం వస్తోంది."

జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ ఉంటుంది. వంగి స్టాండు కాలు బిగించాను. నా తల మీద ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. వదులైన మర ఒకటే. నాలుగు చుట్లు తిప్పితే బిగిసింది. తెర మీద ఆమె ఊగడం మానేసింది.

"థాంక్యూ," అంది మేడమ్. "మీరేదో చెప్పాలని వచ్చారా?"

"ఏం లేదు," అన్నాను.

ఇంటికి వచ్చాను. మా ఆవిడ తలగడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాగితం ముందే రాసి పెట్టుకుంది. "చెప్పావా?"

"లేదు."

ఆ కాగితం మడిచి తలగడ కింద పెట్టుకుంది. ఆ తరువాత నా కోసం ఒక్క అక్షరం రాయలేదు. చేతులు చరవలేదు. ఒకటి లేదు, రెండు లేదు, మూడు కూడా లేదు. నేనే అడిగి నీళ్ళిచ్చేవాణ్ణి. పక్కింటామె వస్తే పలక తీసి రాసేది, నవ్వేది. నేను గదిలోకి వస్తే తుడిచేసేది.

ఆమె పోయింది పట్టపగలు. నేను పక్క గదిలో కుర్చీ కాలు సరిచేస్తున్నాను. మధ్య తలుపు తీసే ఉంది. అరగంట తరువాత టీ తీసుకుని వెళ్తే అయిపోయింది. కఫం అడ్డుపడిందన్నారు. పిలిచి ఉంటే గొట్టం తుడిచేవాణ్ణి, రెండు నిమిషాల పని, వందసార్లు చేశాను. రెండు చేతులూ దుప్పటి మీద ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న చేతులు. పొద్దున పక్కింటామెకు జడ అల్లిన చేతులు. ఒకదానికి ఒకటి జానెడు దూరంలో ఉన్నాయి.

చరవలేదు.

రెండు నెలలకు మేడమ్ మా ఇంటికి వచ్చింది. వెంట కండక్టర్ ఉన్నాడు. అతని పాత వాల్వు మిగతావాటికంటే ఎక్కువ నిలిచింది, కానీ అదీ కారుతోంది. మాట్లాడుతుంటే లోపల నీళ్ళు గుడగుడలాడుతున్నాయి. కుర్చీలో కూర్చుని గోడ మీది మా ఆవిడ ఫోటో చూశాడు.

"అక్కకి చిల్లర బాకీ పడ్డాను బావా," అన్నాడు. దగ్గాడు.

మేడమ్ విషయానికి వచ్చింది. కంపెనీ ఎన్ని అచ్చులు చేసినా వాల్వు పనిచేయడం లేదు. ఇంకో నెల చూసి లైసెన్సు తిరిగి ఇచ్చేస్తామంటున్నారు. నాలుగో అచ్చు మొదట్లో పనిచేసింది, ఇప్పుడదీ పనిచేయడం లేదు.

"అది చేసింది మీరు. మీకేమైనా తెలుసేమోనని," అంది. సంచీలోంచి ఒక ఫారం తీసింది. "ఇదివరకు నేను తొందరపడ్డాను. పేటెంటులో పేరు చేర్చడానికి దారి ఉంది. ప్రొఫెసర్ గారు కూడా సంతకం చేశారు. ఇదిగో, నాలుగో పేరు మీది."

అచ్చక్షరాల్లో నా ఇంటిపేరుతో సహా ఉంది. ఒక్క తప్పు లేదు.

"ఇక్కడ మీరు చేసిన పని ఏమిటో రాయాలి. బొమ్మలో లేనిది, మీరు చేసింది. ఆ తరువాత సంతకం."

"బొమ్మలో లేనిది అయితే పొరపాటు అవుతుంది కదా మేడమ్?"

ఆమె మొహం ఎర్రబడింది. "ఆ మాటకు క్షమించండి," అంది. మనస్ఫూర్తిగానే అంది. అది నాకు ఇంకా మంట పెట్టింది. ఇంత తేలిగ్గా ఊడివచ్చే మాట ఆరు నెలల ముందు వచ్చి ఉంటే మా ఆవిడ ఈ గదిలో ఉండేది. నేను ఇంత తేలిగ్గా చెప్పి ఉన్నా ఉండేది. ఆ రెండోది తలలోకి రాగానే పెన్ను అందుకున్నాను.

కండక్టర్ ముందుకు వంగాడు. "బావా, నాకు మనవరాలు పుట్టింది. బారసాల కాలేదు, ఇంకా దాన్ని పేరుపెట్టి పిలవలేదు. నీకేం తెలిస్తే అది రాయి."

అతని మెడ మీద వేలు తడిగా ఉంది. లోపల రేకు ఎలా ఉందో నాకు తెలుసు. వలయాలన్నీ అరిగిపోయి ఉంటాయి. ఉలి మొనను ఏ కొలతకు నూరాలో, లేత్ ఎంత వేగంతో తిప్పాలో, ఒక్క వాక్యంలో రాయొచ్చు. పాలిష్ చేయకండి అని రాసినా చాలు. మూడు మాటలు కూడా లేవు.

మా ఆవిడ అడిగితే చెప్పలేదు. ఇతనికి చెబితే, ఆమెకు ఎందుకు చెప్పలేదో నాకు నేను చెప్పుకోవాలి. ఇతను కూరల బండి దగ్గర బేరమాడుతుంటే వినాలి.

రాశాను. బడిలో మాస్టారు మెచ్చుకున్న దస్తూరీ. "అచ్చు లోపలి ముఖం పాలిష్ చాలలేదు. ఇంకా సన్నటి పేస్టుతో, ఇప్పటికి రెండింతలు చేయాలి. ఒక్క గీత కూడా మిగలకూడదు." కింద సంతకం పెట్టాను.

మేడమ్ రెండుసార్లు చదివింది. "ఇంత చిన్న విషయమా," అంది.

"చిన్న విషయమే," అన్నాను.

కండక్టర్ లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వేలు తీసేయడంతో మాట రాలేదు, గాలి బుస్సుమంది. ఒక చెయ్యి వదిలి మళ్ళీ మెడ మూసుకున్నాడు. "నీ మేలు మరిచిపోను బావా," అన్నాడు. గొంతులో నీళ్ళు కదిలాయి.

కంపెనీ వాళ్ళు నేను రాసింది రాసినట్టు చేశారు. టూల్‌రూమ్ ఆయనకు నచ్చే సలహా అది. వాల్వులు ముందుకంటే గట్టిగా అంటుకుపోయాయి. నెల కాగానే లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. వాల్వు మళ్ళీ విశ్వవిద్యాలయం జాబితాలోకి వచ్చింది. లైసెన్సుకు లభ్యం, పెట్టుబడికి అవకాశం. కింద నాలుగు పేర్లు. నాలుగోది నాది. పేరు కింద నొక్కే చోటు ఉంది. పొద్దున టీ తాగుతూ రోజూ నొక్కుతాను. పది వరకు లెక్కపెడుతుంది, చాలా అని అడుగుతుంది, నన్ను ఒక మాట అంటుంది. నేను కనిపెట్టినవాణ్ణని రాసి ఉన్న చోటే అంటుంది.

కండక్టర్‌కు కూడా బిరడా పెట్టేశారు. మొన్న బస్టాపులో కనిపించాడు. ఒక చేత్తో మనవరాల్ని పట్టుకున్నాడు. ఆ పిల్ల అప్పుడే అడుగులు వేస్తోంది, రోడ్డు వైపు లాగుతోంది. అతను పిలవలేక చొక్కా పట్టుకుని వెనక్కి గుంజుతున్నాడు. నన్ను చూడగానే పిల్లను మోకాళ్ళ మధ్య బిగించి, సంచీలోంచి పలక తీశాడు. నిదానంగా రాసి నా వైపు తిప్పాడు.

"నువ్వు చేయగలిగింది చేశావు బావా."

అవునన్నాను.